నాటిన జుట్టుకి మరమ్మతు

రెండేళ్ళ క్రితం బట్టతల మీద జుట్టు నాటించుకున్నాను. మొలిచింది కానీ, నుదుటి మీద స్కేలు పెట్టి గీసినట్టు ఒకటే వరస. ఒక్కో చోట మూడేసి వెంట్రుకలు. మీటింగుల్లో ఎదుటివాళ్ళ చూపు అక్కడికే పోతోందని ఒకటే అనుమానం. అందుకే మరమ్మతు సంగతి వాకబు చేశాను.

ఈ విద్యకి అమెరికాలో ఆద్యుడు న్యూయార్క్ డాక్టరు నార్మన్ ఓరెన్‌ట్రైక్ (1952). తల వెనక జుట్టు ఎక్కడ నాటినా తన గుణం పోగొట్టుకోదని 1959లో ప్రచురించారు. అయితే ఆనాటి 4 మిల్లీమీటర్ల గుత్తులు బొమ్మ జుట్టులా కనబడేవి. సహజంగా వెంట్రుకలు 1 నుంచి 4 దాకా చిన్న కుదుళ్ళుగా మొలుస్తాయి. ముందు వరసలో ఎక్కువగా ఒంటి వెంట్రుకలే. నా విషయంలో తప్పింది సరిగ్గా ఇక్కడే.

దిద్దే మార్గాలు రెండు. చిన్న తప్పయితే, ముందు ఒంటి వెంట్రుకలు ఎగుడుదిగుడుగా నాటి కప్పెయ్యడం. పెద్దదయితే, ఆ గ్రాఫ్టులు పెకలించి, మైక్రోస్కోపు కింద విడదీసి, మళ్ళీ నాటడం. చిక్కల్లా ఒకటే: వెనక ఉన్న సరుకు పరిమితం, కుదురుతో సహా తీసిన చోట తిరిగి మొలవదు. బేకప్ లేని సర్వరు మీద పని చేసినట్టన్నమాట!

మొదటి నాటు ఫలితం పూర్తిగా తేలడానికే ఏడాది పడుతుంది. అందాకా ఆగి, ఇద్దరు డాక్టర్లని అడిగాను. నాకు కప్పడమే చాలన్నారు. ఈసారి మాత్రం గీత ఎక్కడ వంకర పోవాలో ముందే అడుగుతాను.