మీకు తెలుసా? బడికి డాక్టరు వచ్చిన వైనం

♦ మన దేశంలో బడిపిల్లలకు తొలిసారి వైద్య పరీక్షలు జరిగింది 1909లో, బరోడాలో.

♦ అంతకు రెండేళ్ల ముందే, 1907లో, ఇంగ్లండ్ వీటిని చట్టం చేసి తప్పనిసరి చేసింది. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధానికి సైన్యంలో చేరబోయిన కుర్రాళ్లలో చాలామంది ఒంట్లో సత్తువ లేక వెనుదిరగడంతో అక్కడి సర్కారుకు దిగులు పట్టుకుంది. అయితే ఆ చట్టం పరీక్షించమంది గానీ, వైద్యం చేసి తీరాలనలేదు. జబ్బుందని చీటీ రాసిస్తే, పేదతల్లి దాన్ని పట్టుకుని ఎక్కడికి పోవాలి? వైద్యం చేయించే బాధ్యత చట్టంలోకి ఎక్కడానికి 1918 దాకా పట్టింది.

♦ ఆ కాలంలో న్యూయార్క్ బడుల్లో పేలు, తామర, కంటి కలక కనిపిస్తే పిల్లల్ని ఇంటికి పంపేసేవారు. చాలామంది తిరిగొచ్చేవారు కాదు. 1902లో లీనా రోజర్స్ అనే నర్సును నియమించారు. చిన్నాచితకా జబ్బులకు ఆమె బడిలోనే మందు రాసింది. ఇళ్లకు వెళ్లి, తల శుభ్రం చేయడం, పుండు కడగడం తల్లులకు చేసి చూపించింది. ఏడాది తిరిగేసరికి ఇంటికి పంపాల్సిన పిల్లలు దాదాపు పదో వంతుకు తగ్గారు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ నర్సు పనే.

♦ తర్వాత ప్రకాశం జిల్లాలో కలిసిన దర్శి, పొదిలి, కనిగిరి 1937 నాటికి నెల్లూరు జిల్లావి. అక్కడి ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం రైతులే ముందు గమనించారు. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల మనుషులకూ ఈ జబ్బు వస్తోందని 1937లో షార్ట్ అనే వైద్య పరిశోధకుడి బృందం ప్రకటించింది. ఇది మొదట కనబడేది పిల్లల నోట్లోనే: పళ్ల మీద సున్నపు మచ్చలు, తర్వాత గోధుమరంగు చారలు. పంటిపై పింగాణీ పొర తయారయ్యే తొలి ఎనిమిదేళ్లలో తాగిన నీళ్ల ఫలితమిది. ఆ తర్వాత నీళ్లు మార్చినా మచ్చ పోదు.

♦  దేశంలో బడిపిల్లలకు ఆరోగ్య సేవలు దాదాపు లేనట్టేనని, దేశ ఆరోగ్య పరిస్థితిని పరిశీలించిన భోర్ కమిటీ 1946లో చెప్పింది.

♦ పెదకాకాని దగ్గర గుంటూరు–విజయవాడ రోడ్డు మీద శంకర కంటి ఆసుపత్రి ఉంది కదా, ఆ సంస్థ బడిపిల్లల కంటి పరీక్షలో తొలి మెట్టు పంతుళ్లకే నేర్పిస్తుంది. ఆరు మీటర్లు కొలిచి గీత గీస్తారు. గోడకు అక్షరాల అట్ట. పిల్లవాడు కన్ను నొక్కకుండా అరచెయ్యి అడ్డుపెట్టుకుని, రెండో కంటితో చదువుతాడు. వెనక బెంచీ మొద్దబ్బాయి అనిపించుకున్నవాడికి అసలు బోర్డే కనబడటం లేదని తేలేది అక్కడే.

♦ 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సర్కారు బడుల పిల్లలందరినీ ఏడాదికోసారి పరీక్షించాలి. మీ ఊరి బడికి ఈ ఏడాది ఆ బృందం వచ్చిందా? పంతులుగారిని అడగండి. చీటీ ఇచ్చివుంటే దాన్ని పుస్తకాల సంచిలోనే ఉండిపోనివ్వకండి. మిరప కోతలున్నా సరే, ఒక్క పూట పని మానుకుని బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లండి.