ఆకాశంలో బారసాల

మా అక్క కూతురి పద్నాలుగో పుట్టినరోజుకి ఏం కొనాలా అని ఫోన్‌లో వెతుకుతుంటే ఓ యాడ్ కంటపడింది. ‘మీకు ఇష్టమైనవాళ్ల పేరు ఒక నక్షత్రానికి పెట్టండి’ అని. బాగుందే అనుకుని 1,200 రూపాయలు కట్టేశాను. నాలుగు రోజుల్లో బంగారు అంచున్న సర్టిఫికెట్ ఇంటికొచ్చింది. పిల్ల మురిసిపోయి దాన్ని గోడకి అంటించుకుంది.

వారం తిరక్కుండానే ఫోన్. “మామయ్యా, ఎక్కడ వెతికినా నా పేరుతో ఏ స్టారూ లేదు. మా సైన్స్ మేడమేమో ఇది ఉత్త కాగితం అంటున్నారు.”

మేడమ్ చెప్పింది నిజమే. ఆకాశంలో పేర్లను ఖరారు చేసేది అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఒక్కటే. అది పేర్లు అమ్మదు, ఎవరిచేతా అమ్మించదు. నేను కొన్నది బంగారు అంచును మాత్రమే. సారీ చెప్పి పెట్టేయబోతుంటే ఇంకో ప్రశ్న వేసింది. “మరి నిజంగా పేరు పెట్టాలంటే ఏం చెయ్యాలి?” నా దగ్గర జవాబు లేదు. పోయిన పన్నెండు వందల కసి కూడా కలిసి, రెండు నెలలపాటు అదే పనిగా చదివాను. తేలిందేమిటంటే, గ్రహశకలాల దగ్గర మామూలు మనుషులకీ ఓ దారి ఉంది. వాటిని కనిపెట్టినవాళ్లకే పేరు సూచించే హక్కు ఇస్తారు.

కనిపెట్టిన రోజే పేరు పెట్టేయరు. ఆసుపత్రిలో బిడ్డ పుట్టగానే చేతికి ఓ ట్యాగ్ కడతారు కదా, ఇక్కడా అంతే. 2025 మొదట్లో ‘భూమిని ఢీకొట్టొచ్చు’ అంటూ మన ఫోన్లన్నీ మోగిపోయిన 2024 వైఆర్4 గుర్తుందా? ఆ వైఆర్4 పేరు కాదు, ట్యాగే. ఏడాదిని నెలకి రెండు చొప్పున 24 సగాలు చేసి, ఒక్కోదానికి ఒక ఇంగ్లిష్ అక్షరం ఇస్తారు. ‘ఐ’ని మాత్రం ఒకటి అంకెలా కనబడుతుందని వదిలేస్తారు. అలా లెక్కపెడితే డిసెంబరు రెండో సగానికి ‘వై’ వస్తుంది. తర్వాతి అక్షరం, అంకె కలిసి ఆ సగంలో అది ఎన్నోదో చెబుతాయి. 25 అక్షరాల రౌండ్లు నాలుగు పూర్తయ్యాక ఐదో రౌండులో ‘ఆర్’ దగ్గర ఆగింది కాబట్టి ఇది 117వది. అంటే ఆ రెండు వారాల్లో దీనికంటే ముందే మరో 116 దొరికాయన్నమాట! (భయపడకండి, వైఆర్4 2032లో భూమిని ఢీకొట్టదని తర్వాత తేల్చేశారు.)

ఆ తర్వాత ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ గమనించి, అది తిరిగే దారి పక్కాగా తెలిశాక ఒక శాశ్వత నంబరు ఇస్తారు. మన ఆధార్ లాంటిది. బారసాల అప్పుడే. నంబరు వచ్చాక పదేళ్లలోపు కనిపెట్టినవాళ్లు పేరు సూచించొచ్చు. ఎందుకా పేరో రెండు మూడు వాక్యాల్లో చెప్పాలి. సమాఖ్య కమిటీ ఒప్పుకుంటేనే అది ఖాయం. ఇప్పటికి ఏడు లక్షలకు పైగా గ్రహశకలాలకు నంబర్లు ఉన్నా, పేర్లున్నవి పాతిక వేలకు అటూ ఇటూగానే. మిగతావన్నీ ఆధార్ కార్డుండి పేరు లేని పిల్లలే.

రూల్స్ కూడా సరదాగా ఉంటాయి. ఇంగ్లిష్‌లో 16 అక్షరాలు మించకూడదు. నోరు తిరగాలి, బూతు కాకూడదు, ఉన్న పేరుకి మరీ దగ్గరగా ఉండకూడదు. వ్యాపార ప్రచారం కుదరదు. రాజకీయ నాయకుల పేరో సేనానుల పేరో పెట్టాలంటే వాళ్లు పోయి వందేళ్లు గడవాలి. మన ఊళ్లో ఫ్లెక్సీలు కట్టేవాళ్లకి ఈ రూలు అస్సలు నచ్చదు.

పెంపుడు జంతువుల పేర్లు వద్దనడం వెనక ఓ పిల్లి ఉంది. జేమ్స్ గిబ్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1971లో కనిపెట్టిన గ్రహశకలానికి ‘మిస్టర్ స్పాక్’ అని తన పిల్లి పేరు పెట్టాడు. ‘స్టార్ ట్రెక్’ సీరియల్లోని స్పాక్ లాగే దానికీ కొసతేలిన చెవులున్నాయట! దాంతో గొడవై, పెంపుడు జంతువుల పేర్లు పెట్టొద్దని సమాఖ్య చెప్పింది. 2309 నంబరుతో మిస్టర్ స్పాక్ మాత్రం ఇప్పటికీ సూర్యుడి చుట్టూ తిరుగుతూనే ఉంది.

పెద్దల్ని మెప్పించే పేర్లు మొదటి రోజు నుంచే ఉన్నాయి. 1801 జనవరి 1న సిసిలీలో పియాజీ అనే ఆయన మొట్టమొదటిదాన్ని చూశాడు. పంటల దేవత సెరెస్ పేరుకి తన రాజు ఫెర్డినాండ్ పేరు కూడా అతికించాడు. మిగతా దేశాలవాళ్లు రాజుని పీకేసి దేవతనే ఉంచుకున్నారు. 1850లో లండన్‌లో దొరికినదానికి విక్టోరియా అని పెడితే, ‘బతికున్న రాణి పేరేంటి?’ అని అమెరికావాళ్లు పేచీ పెట్టారు. ‘రాణి కాదు, రోమన్ల విజయదేవత’ అని పేరు పెట్టినాయన తప్పించుకున్నాడు. భలే లాయరు.

ఇవన్నీ ఎక్కడో జరిగినవి అనుకుంటూ చదువుతుంటే మద్రాసు కనిపించింది. నార్మన్ పాగ్సన్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా 1856లో ఒకదాన్ని కనిపెట్టాడు. దానికి ఐసిస్ అని పేరు పెట్టారు. అది ఈజిప్టు దేవత పేరు, ఆ ఊళ్లో థేమ్స్ నదిని పిలుచుకునే పేరు, పాగ్సన్ చిన్నారి కూతురి పేరు కూడా! 1861లో ఆయన మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చాడు. మన కోస్తా జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్న రోజులవి. అదే ఏడాది ఏప్రిల్ 17న ఆ నుంగంబాకం ఆకాశంలో ఆయనకి ఓ కొత్త చుక్క దొరికింది. ఆసియా ఖండం నుంచి కనిపెట్టిన మొదటి గ్రహశకలం అదే. అందుకే దాని పేరు కూడా ‘ఆసియా’నే. తర్వాత సాఫో, సిల్వియా, కమిలా, 1885లో వెరా... అన్నీ మద్రాసు నుంచే. ఆ కూతురు ఐసిస్ కూడా పెద్దయ్యాక అదే అబ్జర్వేటరీలో లెక్కలు చేసే ఉద్యోగంలో పాతికేళ్లు పనిచేసింది. తన పేరున్న రాయి పైన తిరుగుతుంటే, కింద కూర్చుని ఆకాశం లెక్కలు కట్టిందన్నమాట. నాకు ఈ మొత్తంలో బాగా నచ్చింది ఆవిడే.

వెరా తర్వాత వందేళ్లకు పైగా మన నేల మీద నుంచి కొత్తది ఒక్కటీ లేదు. 1988లో తమిళనాడులోని కావలూరు నుంచి రాజమోహన్ బృందం ఒకదాన్ని పట్టుకుని, గణిత మేధావి రామానుజన్ పేరు పెట్టింది. కనిపెట్టినవాళ్లదే పేరు అన్నప్పుడు, కనిపెట్టని వందేళ్లలో మన పేర్లు ఎక్కడుంటాయి? ఎవరో కనిపెట్టి, మనల్ని తలుచుకుంటే ఉంటాయి.

అలా తలుచుకున్నవీ ఉన్నాయి. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా స్పేస్ షటిల్ కూలి ఏడుగురూ చనిపోయాక, అమెరికావాళ్లు ఏడు గ్రహశకలాలకు ఆ ఏడుగురి పేర్లు పెట్టారు. 51823 నుంచి 51829 దాకా వరసగా నంబర్లు. మధ్యలో 51826 మన కల్పనా చావ్లాది. 300128 నంబరుది పండిట్ జస్‌రాజ్ పేరు, 2019లో పెట్టారు. నంబరుని రెండేసి అంకెలుగా వెనకనుంచి చదవండి: 28-01-30. ఆయన పుట్టినరోజు! హైదరాబాద్‌తో ఆయనది విడదీయలేని బంధం. ఆయన చిన్నతనంలోనే తండ్రి మోతీరామ్ కన్నుమూసింది ఇక్కడే. తండ్రి, అన్న పేర్ల మీద ఏటా ఇక్కడ సంగీతోత్సవం జరిపేవారాయన.

భూమికి దగ్గరగా వచ్చేవాటికి పురాణాల పేర్లు పెట్టడం ఆనవాయితీ. 2029 ఏప్రిల్ 13న భూమికి సుమారు 32 వేల కిలోమీటర్ల ఎత్తులో, అంటే మన టీవీ శాటిలైట్ల కంటే దగ్గరగా దూసుకెళ్లబోయే అపోఫిస్ ఈజిప్టు పురాణంలోని చీకటి సర్పం. అసలు కథ వేరు. కనిపెట్టినవాళ్లలో ఇద్దరు ‘స్టార్‌గేట్’ సీరియల్ ఫ్యాన్స్, అందులో విలన్ పేరు అపోఫిస్!

ఇవన్నీ చెబుతుంటే పిల్ల ఊ కొడుతూనే ఉంది కానీ, ఆమెను లేచి కూర్చోబెట్టింది బెన్ను కథ. నాసా 2023లో మట్టి తెచ్చిన గ్రహశకలం అది. దాని పేరు కోసం ప్రపంచవ్యాప్తంగా విద్యార్థులకు పోటీ పెడితే ఎనిమిది వేలకు పైగా ఎంట్రీలు వచ్చాయి. గెలిచింది అమెరికాలో తొమ్మిదేళ్ల అబ్బాయి. రెక్కల్లాంటి సోలార్ ప్యానెళ్లు, చాచిన చెయ్యి ఉన్న ఆ నౌక అతనికి ఈజిప్టు బెన్ను పక్షిలా కనిపించిందట. అంతర్జాతీయ సైన్స్ ఫెయిర్లలో గెలిచిన పిల్లల పేర్లు పెట్టినవీ ఉన్నాయి. ఆ జాబితాలో మన దేశపు పిల్లలు చాలామందే ఉన్నారు.

“నేనే కనిపెట్టాలంటే?” అంది. దానికీ దారుంది. అంతర్జాతీయ ఖగోళ అన్వేషణ సహకారం పేరుతో ఓ కార్యక్రమం నడుస్తోంది. హవాయిలోని పాన్‌స్టార్స్ టెలిస్కోపు తీసిన ఫొటోలను స్కూలు బృందాలకు ఉచితంగా పంపుతారు. కొద్ది నిమిషాల తేడాతో తీసిన నాలుగు ఫొటోల్ని ఒకదాని మీద ఒకటి తిప్పి చూడాలి. నక్షత్రాలు కదలవు. కదిలే చుక్క ఉంటే రిపోర్టు పంపాలి. చాలాసార్లు అది తెలిసినదో, కెమెరా మచ్చో అవుతుంది. నిజంగా కొత్తదే అయినా నంబరు రావడానికి ఆరు నుంచి పదేళ్లు పట్టొచ్చు. పెద్ద కంప్యూటరేమీ అక్కర్లేదు, స్కూల్లో పాత ల్యాప్‌టాప్ చాలు. ఓపిక మాత్రం కావాలి.

సైన్స్ మేడమ్‌ని పట్టుకుని ఐదుగురితో టీమ్ కట్టించింది మావాళ్ల పిల్ల. మొదటి విడతలో ఏమీ దొరకలేదు. కానీ పేరు మాత్రం అప్పుడే రెడీ చేసుకుంది. నిరుడు పోయిన వాళ్ల అమ్మమ్మ, అంటే మా అమ్మ పేరు. వెంకట సుబ్బలక్ష్మమ్మ. రాత్రి పదిన్నరకి మెసేజ్ పెట్టింది: “మామయ్యా, ఇంగ్లిష్‌లో 22 అక్షరాలొస్తున్నాయి. వెంకట తీసేస్తే 15. పర్లేదా?”

పర్లేదని రాశాను.