చదువుకునే బిడ్డ వ్యాపారానికి పెట్టుబడి ఎక్కడిది?

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థం పేరు చెప్పగానే రామాలయమూ, గురుభక్తులకొండ మీది బౌద్ధ శిథిలాలూ గుర్తుకువస్తాయి. శ్రీరామనవమికీ శివరాత్రికీ అక్కడ యాత్రికులు కిక్కిరిసిపోతారు. ఆ దారిలో కుట్టుపనితో బతుకుతున్న ఒక ముస్లిం కుటుంబం ఇంట మేము ఒక సాయంత్రం గడిపాము. డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్న ఆ ఇంటి అమ్మాయి ఒక లెక్కల పుస్తకం తెచ్చి మా ముందు పెట్టింది. జనపనార సంచులు కుట్టి అమ్మాలని ఆమె కోరిక. నెల్లిమర్లలో జనపనార మిల్లు ఉన్నందున ఆ ప్రాంతానికి ఆ సరుకు కొత్త కాదు.

పాత పవర్ మిషను 18 వేలు, జనపనార గుడ్డ 14 వేలు, అచ్చు, పిడుల ఖర్చు 6 వేలు. మొత్తం 38 వేలు. ట్యూషన్లు చెప్పి ఆమె కూడబెట్టినది 5 వేలు. మిగిలిన 33 వేలు ఎక్కడినుంచి రావాలి? వారం వారం వాయిదా కట్టించుకునే అప్పు ఇస్తామని ఒకరు అప్పటికే గుమ్మం దాకా వచ్చి వెళ్ళారట. "వడ్డీ సొమ్ము ఈ ఇంట్లోకి రాదు, బేటీ" అని తండ్రి ఒక్క మాటతో తేల్చివేశారు. "అయితే నేను ఊరికే కూర్చోవాలా, అబ్బా?" అని ఆమె అడిగింది. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన మా దగ్గరా లేదు.

తరువాత ఒక్కొక్క దారీ పరిశీలించాము. 2015లో ప్రారంభమైన ముద్రా పథకంలో 'శిశు' విభాగం కింద 50 వేల వరకు తాకట్టు లేకుండా రుణం లభిస్తుంది. కాని అది వడ్డీ రుణమే. ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమంలో మైనారిటీలకు, మహిళలకు గ్రామీణ ప్రాంతంలో 35 శాతం సబ్సిడీ ఉంది. సొంత వాటా 5 శాతం చాలు. అయితే మిగిలినది బ్యాంకు అప్పుగానే వస్తుంది, సబ్సిడీ సొమ్ము మూడేళ్ళ పాటు బ్యాంకులోనే డిపాజిట్టుగా ఉంటుంది. సబ్సిడీ అనే మాట విని ఇది వడ్డీ లేని సొమ్మని భ్రమపడేవారు మనలో చాలామందే ఉన్నారు. ఇక 2021లో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ ద్వారా, ఇంక్యుబేటర్ల మధ్యవర్తిత్వంతో, ఒక ఆలోచన ఆచరణలో నిలుస్తుందని నిరూపించుకోవడానికి 20 లక్షల వరకు గ్రాంటు లభించవచ్చు. గ్రాంటు గనుక వడ్డీ ప్రసక్తి లేదు. ఇంజనీరింగ్ చదువుతూ కొత్త యంత్రమో పరికరమో తయారుచేస్తున్న పిల్లలకు అది తగిన దారి. సంచులు కుట్టే అమ్మాయికి కాదు.

అప్పుడు మాకు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) గుర్తుకువచ్చారు. మక్కా నుంచి వట్టి చేతులతో మదీనా చేరిన ఆయనకు అన్సారీ సోదరులు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తమ ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన ఆశీర్వదించి, బజారు ఎక్కడో చూపమన్నారు. జున్ను, నెయ్యి అమ్మి వ్యాపారం మొదలుపెట్టారు. ఈ గాథ మనం ఎన్నోసార్లు విన్నదే. కాని అందులో బజారు చూపినవారు కూడా ఉన్నారన్న సంగతిని ఎందుచేతనో మరచిపోతుంటాము.

అమ్మాయికి బజారు దగ్గరలోనే దొరికింది. బంధువుల ఇంట వలీమాకు అతిథులకు ఇవ్వడానికి 300 సంచులు కావలసి ఉన్నాయి. ఒక్కొక్కటి 90 రూపాయల చొప్పున 27 వేలు. మూడవ వంతు, అంటే 9 వేలు, ముందుగానే ఇవ్వడానికి వారు అంగీకరించారు. చేయించుకునే వస్తువు కొలత, రంగు, ధర, అప్పగించే తేదీ ముందే నిర్ణయించుకునే ఈ ఒప్పందాన్ని ఫిఖ్హ్ పండితులు 'ఇస్తిస్నా' అంటారు. ధరను వాయిదాలలో చెల్లించే వెసులుబాటు అందులో ఉంది.

మిషనుకు మేనమామ 18 వేలు ఖర్జె హసనాగా ఇచ్చారు. నెలకు 1,500 చొప్పున ఏడాదిలో తీరిపోతుంది. ఇంకా 6 వేలు తగ్గాయి. ఖాలా ముందుకు వచ్చి, "నెలకు ఒక 300 లాభం ఇవ్వమ్మా, చాలు" అన్నారు. ఆమె మనసు మంచిదే గాని ఆ మాట పొరపాటు. లాభం వచ్చినా రాకపోయినా ముట్టవలసిన స్థిరమైన మొత్తానికి లాభమని పేరు పెట్టినంత మాత్రాన అది వడ్డీ కాకుండా పోదు. మేము ఆ సంగతి వివరించాక లెక్క ఇలా కుదిరింది: అమ్మాయి 5 వేలు, ఖాలా 6 వేలు కలిపి ముషారకా. శ్రమ అంతా అమ్మాయిది గనుక లాభంలో ఆమెకు 70 వంతులు, ఖాలాకు 30. నష్టం వస్తే మాత్రం 5, 6 వంతుల ప్రకారం, ఎవరి పెట్టుబడి మేరకు వారు భరించాలి. 27 వేలలో ఖర్చు 20 వేలు పోగా 7 వేలు మిగిలితే, ఖాలాకు 2,100, అమ్మాయికి 4,900.

ఇటువంటి మేనమామ, ఖాలా అందరికీ ఉండరు. అక్కడే సమాజం పని మొదలవుతుంది. ఈ విషయంలో మనకు పాత అనుభవమే ఉంది. హైదరాబాదులో పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా వడ్డీ లేని రుణ సంఘాల గురించి 1944లోనే 'మఆరిఫ్' పత్రికలో రాశారు. 2001లో లాహోరులో ఆరంభమైన 'అఖువత్' సంస్థ మసీదులలోనే వడ్డీ లేని రుణాలు పంపిణీ చేస్తూ పెరిగింది. దాని స్థాపకులు డాక్టర్ అమ్జద్ సాఖిబ్‌కు 2021లో మెగసెసే పురస్కారం లభించింది. మన రాష్ట్రంలో 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఒక పేటవారు కలిసి పొదుపు సంఘం పెట్టుకోవచ్చు. జకాత్‌కు అర్హుడైన పేద పనివాడికి పనిముట్లు కొనుక్కోవడానికి సరిపడా ఇవ్వవచ్చునని ఇమామ్ నవవీ వంటి పండితులు ఏనాడో రాశారు. రమజానులో చీరలు, చిల్లర పంచే చేతులు ఒక కుట్టుమిషను సంగతి ఎందుకు ఆలోచించవో మాకు బోధపడదు.

మరొక మాట. ఉద్యమ్ రిజిస్ట్రేషను పూర్తిగా ఉచితం, ఆధార్‌తో పాటు పాన్ ఉండాలి. దానికి రుసుము అడిగే దళారికి ఒక్క రూపాయి ఇవ్వనవసరం లేదు.

అప్పు చిన్నదైనా రాసుకోవాలని బఖరా సూరా 282వ ఆయతు నిర్దేశిస్తున్నది. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు అదే. సొంత మేనమామతో కాగితమేమిటని తల్లి కొంత నొచ్చుకున్నారు. మేనమామే నవ్వి కలం తీసుకున్నారు. వాయిదాల తేదీలు, ఖాలా వాటా, ఇద్దరు సాక్షుల పేర్లు అన్నీ అమ్మాయి లెక్కల పుస్తకంలోనే రాశారు. మొదటి సాక్షిగా సంతకం చేసినవారు తండ్రి. ఆ తరువాత విజయనగరంలో పాత మిషను చూడటానికి ఏ రోజు వెళ్ళాలన్న చర్చ మొదలైంది. అమ్మాయికి బుధవారం పరీక్ష ఉందట, అందుచేత గురువారమని నిశ్చయించారు.