పారేసిన ముక్క గుర్తుందా?

సంక్రాంతి సంచికకు ముఖచిత్ర కథనం కావాలి. విషయం పేకాట. పోకర్ ఊసు వద్దు, మనవాళ్లు ఏళ్ల తరబడి ఆడుతున్న ఆటలే కావాలి. బుధవారం సాయంత్రానికి కాపీ అందాలి. ఎడిటర్ చెప్పింది ఇంతే. పది ఆటలకు తలా ఒక పేరా రాద్దామని కూర్చున్నాను. ఆధారాల కోసం వెతుకుతుంటే సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చేతికొచ్చింది. నాలుగైదు సార్లు చదివాను. మన పదమూడు ముక్కల రమ్మీ గురించి ఇంత సూటిగా, ఇంత తెలిసి రాసిన పేరా నాకు మరెక్కడా దొరకలేదు. అందుకే ఈ కథనంలో పెద్దపీట దానికే వేశాను. మిగతా ఆటలు పక్కనున్న బాక్సుల్లో సర్దుకున్నాయి.

సికింద్రాబాద్ క్లబ్బులో సోదా

1963 మే నెలలో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. లోపల కొందరు పందెం పెట్టి రమ్మీ ఆడుతున్నారు. కేసు కట్టింది నిజాం కాలపు జూద చట్టం కింద. ఫసలీ 1305 నాటి చట్టం అది, మన లెక్కలో 1890ల నడుమ వచ్చింది. సోదాలో జూదపు సామగ్రి దొరికితే ఆ చోటు జూదశాలేనని కోర్టు మొదట అనుకోవచ్చు. కాదని తేల్చాల్సిన బరువు ఆడినవాళ్ల మీదే పడుతుంది. అదే చట్టంలో ఇంకో సెక్షన్ మాత్రం నైపుణ్యంతో ఆడే ఆటల జోలికి ఈ చట్టం రాదంటుంది.

మేజిస్ట్రేటు శిక్ష వేశారు. సెషన్స్ జడ్జికి అది సబబనిపించక హైకోర్టుకు నివేదించారు. హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఊరుకోలేదు, ఢిల్లీ దాకా వెళ్లింది. స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ కె.సత్యనారాయణ పేరుతో న్యాయశాస్త్రం చదివేవాళ్లంతా చెప్పుకునే కేసు ఇదే. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ హిదయతుల్లా. కొద్ది నెలల్లో ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

ఆయన ముందుగా మూడు ముక్కలాటను విడదీసి పక్కన పెట్టారు. అది అదృష్టం మీద నడిచేది, రమ్మీ ఆ కోవలోది కాదన్నారు. రమ్మీలో ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి. ఏది ఉంచుకోవాలో, ఏది పారేయాలో తెలియాలి. ఇక అదృష్టమంటారా, కలిపి పంచే ప్రతి ఆటలోనూ అది ఉంటుంది, బ్రిడ్జిలో ఎంతో రమ్మీలోనూ అంతే. తీర్పు సారం ఇది.

ఆయన చెప్పింది చాప మీద చూస్తే

నన్ను పట్టి కూర్చోబెట్టింది ఆ పారేయడం గురించిన మాటే. రమ్మీ నేర్చుకునేవాళ్లు చేతిలోని ముక్కలనే చూసుకుంటారు. ఆట తెలిసినవాళ్ల చూపు కింద పడ్డ ముక్క మీద ఉంటుంది.

నా తర్వాత ఆడాల్సినవాడు కళావరు 9 ఎత్తుకున్నాడనుకోండి. ఆ క్షణం నుంచి కళావరు 7, 8, 10, జాకీ నా చేతిలో ఉన్నా పారేయడానికి వీల్లేదు. మిగతా రంగుల్లోని తొమ్మిదులూ అంతే, అతను మూడు తొమ్మిదుల సెట్టు కడుతున్నాడేమో తెలియదు కదా. ఒక్క ముక్క ఎత్తుకున్నందుకు నా చేతిలో నాలుగైదు ముక్కలు కట్టుబడిపోయాయి. అదే మనిషి రెండు రౌండ్ల కిందట ఆఠీను 5 ముట్టుకోకుండా వదిలేశాడని గుర్తుంటే, నా దగ్గరున్న రెండో ఆఠీను 5 చాలావరకు భయం లేకుండా పడేయొచ్చు. గుర్తు లేనివాడికి ఆ దారి కనిపించదు.

ముక్కల విలువలోనూ లెక్క ఉంది. 7తో మూడు ముక్కల వరస మూడు రకాలుగా కట్టొచ్చు: 5-6-7, 6-7-8, 7-8-9. రాజు రెండు వరసల్లోనే ఇముడుతాడు, పైగా ఆట పోతే పది పాయింట్ల బరువు. అందుకే అనుభవజ్ఞులు జత కుదరని రాజును మొదటి రెండు మూడు చేతుల్లోనే వదిలించుకుంటారు. అది తెలిసిన ఎదుటివాళ్లు ఆ రాజుల కోసమే కాచుకుని కూర్చునే సందర్భాలూ ఉంటాయి.

ఇక ఎర. ఇస్పేటు 9 రెండూ నా దగ్గరే ఉన్నాయి, పక్కన ఇస్పేటు 10 ఉంది. నాకు కావాల్సింది 8. ఒక 9 పడేస్తాను. వీడికి ఇస్పేటుల్లో ఆ చుట్టుపక్కల ముక్కలతో పని లేదని నాకు ముందు ఆడేవాడు నమ్మితే 8 నిశ్చింతగా వదులుతాడు. నమ్మకపోతే నా పథకం పారదు. రెండు కట్టలు కలిపి ఆడతాం కాబట్టే ఈ ఎర సాధ్యం.

జోకరు లేని వరస ఒకటి పడేదాకా, అంటే లైఫ్ వచ్చేదాకా, చేతిలో ఎన్ని జోకర్లున్నా రక్షణ లేదు. ఈలోగా ఎవరైనా షో చేస్తే ఫుల్ కౌంటే, 80 పాయింట్లు. పంచగానే ముక్కలు చూసి 20కి డ్రాప్ అవుదామా, నిలబడదామా అన్నదే మొదటి పరీక్ష. నా దృష్టిలో ఆటగాడి పరిణతి కనిపించేది అక్కడే. చెడ్డ చేయి వచ్చినప్పుడు దాన్ని ఒప్పుకుని పక్కకు తప్పుకోవడం చాలామందికి చేతకాదు.

తర్వాతి వాక్యం

ఆన్‌లైన్ రమ్మీ ప్రకటనలు వెల్లువెత్తిన రోజుల్లో సుప్రీంకోర్టే దీన్ని నైపుణ్యమంది అన్న మాట ఊరూరా వినిపించింది. నిజమే, అంది. ఆ తర్వాత తీర్పు ఇంకో మాట కూడా చెప్పింది. పందెం పెట్టి ఆడే రమ్మీ మీద ఇల్లు నడిపేవాడో, క్లబ్బు నడిపేవాడో లాభం గుంజుకుంటున్నట్లు రుజువైతే నేరం నిలబడుతుందని. క్రెసెంట్ క్లబ్బు బయటపడింది అక్కడ ఆ రుజువు లేకపోవడం వల్ల. బిలియర్డ్స్‌కూ టెన్నిస్‌కూ తీసుకున్నట్టే పేకముక్కలకూ కొంత రుసుము తీసుకోవడం లాభార్జన కిందికి రాదని కోర్టు చెప్పింది. పందెంలో వాటా కోసమే నడిచే వ్యాపారాలు ఈ తీర్పులో తమకు పనికొచ్చే సగాన్నే పట్టుకుని తిరిగాయి. అప్పుల్లో కూరుకుపోయిన కుర్రాళ్ల వార్తలు మన పత్రికల్లోనే ఎన్నో వచ్చాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను అడ్డుకున్నాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అందులో నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడాయే లేదు. డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషేధమే.

ఆ నిషేధాన్ని నేను సమర్థిస్తాను. బాధల్లా ఒక్కటే, ఇంత మంచి ఆట పేరెత్తితే ఇళ్లలో పెద్దవాళ్లు ఉలిక్కిపడుతున్నారు. తీర్పులో మెచ్చుకున్న గుణాలు ఏవీ డబ్బుతో వచ్చినవి కావు.

ఇక పేకాట చరిత్ర క్లుప్తంగా. బాబరు 1527లో సింధు పాలకుడు షా హసన్‌కు గంజిఫా అనే పాతకాలపు పేకముక్కలు పంపాడని బాబర్‌నామాలో ఉంది. అక్బరు కొలువులో ఆడిన ఆటను అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో వర్ణించాడు. 52 ముక్కల కట్ట యూరప్ వర్తకులతో వచ్చి గంజిఫాను వెనక్కి నెట్టింది. గురజాడ ‘కన్యాశుల్కం’ నాటికి మధురవాణి ఇంట పేకాట ఒక రంగానికి సరిపడా సందడి చేసింది. రమ్మీ కుటుంబానికి మూలం మెక్సికోలోని కాంకియాన్ అని చాలామంది ఆటల చరిత్రకారుల అభిప్రాయం.

బాక్స్ 1: పగలు రాముడు, రాత్రి కృష్ణుడు

దశావతార గంజిఫాలో ముక్కలు గుండ్రంగా ఉంటాయి. పది అవతారాలకు పది రంగులు, రంగుకు 12 చొప్పున మొత్తం 120. ప్రతి రంగులో రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెలు. సగం రంగుల్లో పది పెద్దది, మిగతా సగంలో ఒకటి పెద్దది. పగలు ఆడితే రాముడి రాజు ఉన్నవాళ్లు ఆట మొదలుపెడతారు, రాత్రయితే కృష్ణుడి రాజు ఉన్నవాళ్లు. మన నిర్మల్ నకాషీలూ ఈ ముక్కలు చిత్రించారు. మహారాష్ట్రలోని సావంత్‌వాడి, బెంగాల్‌లోని బిష్ణుపూర్ కూడా వీటికి పేరున్న ఊళ్లు.

బాక్స్ 2: జాకీ రాజ్యం

తమిళనాడు, శ్రీలంకల్లో ఆడే 304లో ఆసు కన్నా జాకీ గొప్ప. జాకీకి 30, తొమ్మిదికి 20, ఆసుకు 11, పదికి 10, రాజుకు 3, రాణికి 2. నాలుగు రంగులూ కలిపితే 304. కేరళలోని 28 దాని దగ్గరి చుట్టం. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరిద్దరు ఒక జట్టు. ఎన్ని పాయింట్లు తెస్తారో పాట పాడాలి. గెలిచినవాళ్లు తురుపు ముక్కను బోర్లా పెట్టి దాస్తారు. రమ్మీ తర్వాత నేను ఇష్టపడేది ఈ దాపరికమే.

బాక్స్ 3: పిల్లలకు గాడిద

కట్టంతా పంచేయాలి. ఇస్పేటు ఆసు ఉన్నవాళ్లతో మొదలు. అందరూ అదే రంగు వేస్తే ఆ ముక్కలు పక్కకు పోతాయి, పెద్ద ముక్క వేసినవాళ్లు మళ్లీ మొదలెడతారు. ఆ రంగు లేనివాళ్లు ఏదైనా వేయొచ్చు, అప్పుడు ఆ రంగులో పెద్ద ముక్క వేసినవాళ్లు కిందున్నదంతా ఎత్తుకోవాల్సిందే. చేతిలో ముక్కలు మిగిలిన చివరివాడు గాడిద. ఏడేళ్ల పిల్లలు కూడా పది నిమిషాల్లో నేర్చుకుంటారు.

బాక్స్ 4: పైసా లేకుండా రమ్మీ

కాగితం, పెన్సిలు చాలు. ఓడినవాళ్ల పాయింట్లు పేరు కింద కలుపుకుంటూ పోవాలి. 201 దాటినవాళ్లు బయటికి, చివరిదాకా నిలిచినవాళ్లు విజేత. ఈ 201 ఆటలో మొదట్లోనే డ్రాప్ అయితే 20 కాదు, 25; మధ్యలో అయితే 50. ఆరుగురి దాకా రెండు కట్టలు సరిపోతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లను ఆట బాగా తెలిసినవాళ్ల తర్వాత కూర్చోబెట్టకండి, వాళ్లకు కావాల్సిన ముక్క ఒక్కటీ కింద పడదు.