బ్రేకు నొక్కితే కారు ఎందుకు వణుకుతుంది?

అరకు నుంచి శృంగవరపుకోట వైపు ఘాట్ రోడ్డు దిగుతుంటే, బ్రేకు నొక్కినప్పుడల్లా పాత కారు గడగడ వణికిందనుకోండి. ఎందుకలా?

చక్రంతోపాటు తిరిగే ఇనుప డిస్కును రెండు ప్యాడ్లు అటూ ఇటూ బిగించి పట్టుకుంటే కారు ఆగుతుంది. దిగుతున్నంతసేపూ బ్రేకు మీదే కాలుంచితే డిస్కు కాగిపోయి, ప్యాడ్ పదార్థం దానికి అక్కడక్కడ అంటుకుంటుంది. కారును సముద్రపు గాలిలో రోజుల తరబడి నిలిపి ఉంచితే తుప్పూ పడుతుంది. డిస్కు మందంలో మిల్లీమీటరులో రెండు మూడు నూరో వంతుల తేడా వచ్చినా వణుకు మొదలవ్వచ్చు.

ఎలా కనిపెట్టాలి? స్టీరింగు వణికితే ముందు చక్రాల డిస్కుల మీద అనుమానపడాలి. సీటు వణికితే వెనక చక్రాల బ్రేకుల మీద. బ్రేకు నొక్కకున్నా వణికితే చక్రాల బ్యాలెన్సింగు చూడాలి. మెకానిక్ డయల్ గేజ్‌ను డిస్కుకు ఆనించి తిప్పుతాడు. ముల్లు ఎక్కువగా ఊగితే డిస్కు వంకరగా తిరుగుతున్నట్టే.

ఘాట్‌లో తక్కువ గేరులో దిగితే ఇంజనే వేగాన్ని అదుపు చేస్తుంది. బ్రేకు అంతగా కాగదు.