తెలుగు బైబిలున వ్యభిచార నిషేధము : దాంపత్యనిష్ఠ

హైదరాబాదు నగరమునకు ఉత్తరముగ, నాగపూరు మార్గమున మేడ్చలును కరీంనగరు మార్గమున శామీరుపేటయు నున్నవి. ఒకప్పుడు చెఱువుల క్రిందను మోటబావుల క్రిందను సేద్యము సాగించిన ఈ సీమ 2016 అక్టోబరు 11 న ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరి, నేడు నగరముతో కలిసిపోవుచున్నది. ఇచ్చటి క్రైస్తవ సంఘములలో ఆదివారము తెలుగు బైబిలు చదువబడును. 1998 లో స్థాపితమైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము శామీరుపేటలోనే యున్నది. ధర్మగ్రంథమును శిక్షాశాస్త్రమును ఇరుగుపొరుగున పఠింపబడు ఈ తావున ఒక ప్రశ్న సహజముగ పుట్టును. చట్టము శిక్షింప మానిన దోషము దోషము కాకపోవునా?

మొదట శబ్దమును విచారింతము. వ్యభిచారమనగా నియతమైన సంబంధమునుండి తొలగి చరించుట. న్యాయశాస్త్రమున సాధ్యము లేనిచోట గూడ కనబడు హేతువును సవ్యభిచారమందురు. అట్టి హేతువు నమ్మదగినది కాదు. దాంపత్యమునకు అన్వయించినపుడును ఈ యర్థమే నిలుచును. నమ్మకమునకు తగకుండుటయే ఇచ్చటి దోషము. ఈ శబ్దమునందు స్త్రీపురుష భేదము లేదు. కాని లోకవ్యవహారమున దాని భారము స్త్రీపైననే పడినది. పతివ్రతను గూర్చిన కథలు మనకు కోకొల్లలు. ఏకపత్నీవ్రతుడనగానే శ్రీరాముడు తప్ప మఱియొకడు వెంటనే తోపడు.

బైబిలు హెచ్చరికలు మాత్రము ప్రధానముగ పురుషునకే చెప్పబడినవి. సామెతల గ్రంథమున అయిదవ అధ్యాయము మొదలు ఏడవ అధ్యాయము వరకు తండ్రి కుమారునకు బుద్ధి చెప్పుచున్నాడు. ఒడిలో నిప్పు నుంచుకొన్నవాని వస్త్రము కాలక మానదనియు, వధ్యస్థానమునకు పోవు ఎద్దువలె యువకుడు తన గతి నెఱుగక నడచుననియు అచ్చటి భావములు. భార్యను సొంత జలాశయముతో పోల్చిన ఘట్టమున హీబ్రూ మూలము వర్షజలమును నిలుపు తొట్టిని పేర్కొనగా, తెలుగు అనువాదము దానిని కుండ యనినది. బావి బావిగానే నిలిచినది. రాతినేలలో బావి త్రవ్వించిన కుటుంబమునకు ఈ యుపమానము విప్పిచెప్ప నక్కఱలేదు. శ్రమకోర్చి సాధించిన ఊటను విడిచి పరుల బావికి పోవుట పాపమే కాదు, అవివేకము గూడ.

దావీదు కథయు నిట్టిదే. ఊరియా భార్యను చేకొని, ఊరియాను యుద్ధమున చంపించిన రాజునకు నాతాను ప్రవక్త పేదవాని గొఱ్ఱెపిల్ల కథను వినిపించి, ఆతని నోటనే తీర్పు చెప్పించెను. మలాకీ ప్రవక్త యౌవనకాలపు భార్యకు ద్రోహము చేసిన పురుషులను నిందించి, వివాహమును దేవుడు సాక్షిగా నున్న నిబంధన యనెను.

అయినను మోషే ధర్మశాస్త్రమున సమత్వము పూర్తిగ లేదు. అందు స్త్రీ యితరుని భార్యయైనపుడే అది వ్యభిచారము. పురుషునకు బహుభార్యాత్వము చెల్లెను. దోషులిరువురికిని మరణదండన విధింపబడినను, యోహాను సువార్తలో యేసునొద్దకు ఈడ్చుకొని రాబడినది స్త్రీ యొక్కతెయే. యేసు ఆమెను శిక్షకు అప్పగింపలేదు. దోషమును దోషము కాదనియు ననలేదు. మార్కు సువార్త పదవ అధ్యాయమున, జీవితసహచరుని విడిచి మఱొకరిని పెండ్లాడుట భార్యాభర్తలిరువురకును సమానముగ దోషమే. మత్తయి సువార్త కామదృష్టినే హృదయమందలి వ్యభిచారముగ నెంచినది. పౌలు భార్య దేహముపై భర్తకును, భర్త దేహముపై భార్యకును అధికారము చెప్పెను.

మన చట్టము ఈ సమత్వమునకు చాల ఆలస్యముగ వచ్చినది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 497 వ సెక్షను పరభార్యతో సంబంధము గల పురుషుని శిక్షించెను. కాని ఆమె భర్త సమ్మతించినచో నేరమే లేదు. వంచితురాలైన భార్యకు ఫిర్యాదు చేయు హక్కు లేదు. భార్య భర్త సొత్తని దీని తాత్పర్యము. 2018 సెప్టెంబరు 27 న సుప్రీంకోర్టు జోసెఫ్ షైన్ కేసులో దీనిని కొట్టివేసెను. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఈ నేరము లేదు. క్రైస్తవుల విడాకులకు వర్తించు 1869 నాటి చట్టము ప్రకారము భర్తకు భార్య వ్యభిచారమొక్కటియే చాలెను; భార్య మాత్రము భర్త వ్యభిచారముతోపాటు క్రౌర్యమో పరిత్యాగమో మఱొక దోషమును గూడ చూపవలసియుండెను. 2001 నాటి సవరణ ఈ భేదమును తొలగించెను. విడాకులకు వ్యభిచారము నేటికిని కారణముగనే యున్నది.

కావున తొలగినది శిక్షయే కాని బాధ్యత కాదు. కారాగార భయముచే నిలుచు నిష్ఠకు విలువ స్వల్పము. యోసేపు పోతీఫరు భార్యను నిరాకరించినది శిక్షకు వెఱచి కాదు. తనను నమ్మిన యజమానికిని దేవునికిని ద్రోహము చేయనొల్లక. ఆ నిరాకరణ మూలముననే ఆతడు చెఱసాల పాలయ్యెను. ఎవరును చూడనిచోటను మాట నిలుపుకొనుటయే దాంపత్యనిష్ఠ. ఆ ధర్మము భార్యకెంతయో భర్తకు నంతయే యని గ్రహించినపుడే ఈ హెచ్చరికల యర్థము సంపూర్ణమగును.