ఆఫీసు చిన్నదైతే ఇల్లు ఇరుకవుతుందా?

బేగం బజార్‌లో స్టీలు సామాను తూకానికి కొనేది మనలాంటి ఇల్లాళ్ళే కాదు, హాస్టళ్ళూ మెస్సులూ నడిపేవాళ్ళు కూడా. గడుల కంచాలు డజన్ల లెక్కన, పెద్ద పెద్ద డేగిసాలు, నీళ్ళ డ్రమ్ములు కొనుక్కెళతారు. మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడల్లో జనం నిండితే ఆ సందడి ఇక్కడిదాకా వస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి అందరినీ ఇంటి నుంచే పనిచేయమన్నప్పుడు ఆడపిల్లల హాస్టళ్ళు వెలవెలబోయాయి. హాస్టల్లో వంటమ్మ, ఆఫీసులో ఫ్లోర్ తుడిచే ఆమె, కాంటీన్‌లో గిన్నెలు తోమే ఆమె... వాళ్ళు ఇంటి నుంచి ఎలా పనిచేస్తారు చెప్పండి?

కరోనా తగ్గినా ఆ మార్పు పూర్తిగా పోలేదు. 2023 మేలో కాగ్నిజెంట్ కంపెనీ 3,500 ఉద్యోగాలు తగ్గిస్తామనీ, 1.1 కోట్ల చదరపు అడుగుల ఆఫీసు స్థలం వదులుకుంటామనీ ప్రకటించింది. మన లెక్కలో చూద్దాం. 1,100 అడుగుల డబుల్ బెడ్‌రూం ఫ్లాట్లు పదివేలు! అంత చోటూ కంపెనీకి ఎందుకు అక్కర్లేకపోయింది? సగంమంది ఇంట్లోనే కూర్చుని పనిచేస్తుంటే ఖాళీ కుర్చీలకు అద్దె ఎవరు కడతారు?

సరే, మరి ఆ కుర్చీ ఎక్కడికి వచ్చింది? మన ఇంటికే. డైనింగ్ టేబుల్ ఆఫీసయింది. "అత్తయ్యా, మీటింగులో ఉన్నాను, మిక్సీ వేయకండి" అని కోడలు. "నాన్నకు కాల్ ఉంది, టీవీ పెట్టకు" అని పిల్లాడికి మందలింపు. కరెంటు మనది, ఇంటర్నెట్ మనది, మధ్యాహ్నం కాఫీ మనది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది కదూ!

లాభం లేదని కాదు. పసిబిడ్డను వదిలి రెండు గంటలు ట్రాఫిక్‌లో నలిగే తల్లికి ఇల్లే ఆఫీసయితే పెద్ద ఊరట. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడు సెలవును 26 వారాలు చేశారు. పనిని బట్టి, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే ఆ తర్వాత ఇంటి నుంచే చేసుకోవచ్చన్నారు. అదే సవరణలో 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చనీ చెప్పారు. ఇంట్లో పనిచేసే తల్లికి ఆ కేంద్రం అందేదెలా? బిడ్డ ఒళ్ళోనే ఉంటుంది, లాప్‌టాప్ కూడా ఒళ్ళోనే! లేకపోతే అమ్మమ్మో నాయనమ్మో జీతం లేని ఆయా అవుతుంది.

కథ అక్కడితో ఆగలేదు లెండి. అదే కంపెనీ 2024 ఆగస్టులో హైదరాబాద్‌లో పదిలక్షల చదరపు అడుగుల కొత్త ప్రాంగణం ప్రకటించింది. 2025లో విశాఖలోనూ కాంపస్ పెట్టడానికి ముందుకొచ్చింది. ఒకచోట తగ్గించి మరోచోట పెంచడం కంపెనీలకు మామూలే. ఉద్యోగం తమ ఊరి దగ్గరికే వస్తే, ఇంజనీరింగ్ చదివీ "అంత దూరం ఒక్కదాన్నీ పంపం" అనిపించుకున్న ఆడపిల్లలకు మేలే.

మరి మనమేం చేయాలి? ఇంటి నుంచి పని అనగానే సంతోషపడిపోకుండా ఇంటర్నెట్ బిల్లు, కుర్చీ, టేబుల్ ఖర్చు ఎవరిదో ముందే అడగాలి. పని గంటలు ఎప్పటికి ముగుస్తాయో కాగితం మీద ఉండాలి. ఇంట్లోనూ అంతే. భార్యాభర్తలిద్దరూ ఇంట్లోనే పనిచేస్తుంటే తలుపున్న గది ఆయనకీ, వంటింటి గట్టు ఆవిడకీ అయితే ఎలా? వంతులు వేసుకోవాలి. కుక్కర్ దింపడం, పిల్లల హోంవర్క్ కూడా ఆ వంతుల్లోకే రావాలి.

నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలం కనుక ఆ బజారు బేగం బజార్ అయిందంటారు. చోటిచ్చిన స్త్రీ పేరు ఇప్పటికీ నిలిచింది. కంపెనీకి మన ఇంట్లో చోటిస్తున్న ఇల్లాలికి బజారు పేరు అక్కర్లేదు కానీ, ఆ చోటుకూ ఆమె శ్రమకూ విలువ ఉందని ఒప్పుకుంటే చాలు. ముందు ఒప్పుకోవాల్సింది ఇంట్లోవాళ్ళే!